రోమన్ సైన్యంలో నా కాళ్ళు

నేను రోమన్ సైన్యంలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఎండకూ చలికీ ఆకలికీ ఓర్చుకుని, ఇనప చొక్కా తొడుక్కుని, భుజాన బల్లెం వేసుకుని ఎడారి దాటి నడిచాను. మా దళంలో అందరికంటే పెద్దవాణ్ణి నేనే. నా నడక చప్పుడు వింటేనే శత్రువులు గుడారాలు ఎత్తేసేవారు.

కొంచెం తగ్గించి చెబుతాను. ఎనిమిదేళ్ళు కాదు, ఒక శుక్రవారం. పొద్దున ఆరింటికి బస్సెక్కించారు, సాయంత్రం ఐదింటికి దించారు. శత్రువులు లేరు, వాళ్ళ వంతు వచ్చే వారమట. ఇనప చొక్కా ప్లాస్టిక్‌ది, పైన వెండి రంగు పూశారు. నడక చప్పుడు మాత్రం నిజం. అది నా కుడి మోకాలిది.

ఇదంతా ఖతర్‌లో జరిగింది. నేను ఇక్కడికి వచ్చి ఇరవై మూడేళ్ళు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఊళ్ళో సముద్రం దాటితే అంతా దుబాయే కాబట్టి, ఊరి లెక్కలో నేను ఇరవై మూడేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాను. దుబాయ్ ఎట్లా ఉంటుందో నేను ఇంతవరకూ చూడలేదు. అడిగినవాళ్ళకు మాత్రం బాగానే ఉంటుందని చెబుతాను.

మొదటి పదిహేనేళ్ళు భవనాల చుట్టూ ఇనప పైపులతో పరంజా కట్టే పని చేశాను. తరువాత నన్ను స్టోర్‌లో వేశారు. హెల్మెట్లు, గ్లౌజులు, బెల్టులు ఇవ్వడం, సాయంత్రానికి తిరిగి తీసుకోవడం నా డ్యూటీ. ఇంటికి మాత్రం ఆఫీసులో కూర్చుని చేసే పని అని చెప్పాను. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆఫీసంటే ఒక కంటైనర్ పెట్టె, కుర్చీ అంటే బోర్లించిన పెయింట్ డబ్బా.

ఇక మోకాలి సంగతి. నాలుగేళ్ళ కింద ఎనిమిదో అంతస్తు మీద ఒక నేపాలీ తమ్ముడి కాలు జారితే, ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో వాణ్ణి పైకి లాగాను. అప్పుడు పట్టేసింది. క్యాంపులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఇట్లాగే చెబుతాను. జరిగింది వేరు. క్యాంపు బాత్రూంలో ఎవరో వదిలేసిన సబ్బు ముక్క మీద కాలు వేశాను. నేపాలీ తమ్ముడు ఉన్న మాట నిజమే. నన్ను లేపి కూర్చోబెట్టింది వాడే.

ఆ తరువాత నేను ఊరికి పోలేదు. రెండేళ్ళకొకసారి సెలవు వస్తుంది, మధ్యలో వచ్చిన ఒకదాన్ని వదిలేశాను. నేను లేకపోతే స్టోర్ నడవదన్నారని నా భార్యకు చెప్పాను. స్టోర్‌కు తాళం వేసి తీయడం వచ్చినవాళ్ళు మా కంపెనీలో మూడు వందల మంది ఉన్నారు. నేను కుంటుతూ వాకిట్లోకి నడిచి వస్తుంటే ఆమె చూస్తుంది, అదీ నా భయం. నేను పెండ్లి చూపులకు పోయినప్పుడు వాళ్ళ గోడ దూకి లోపలికి పోయినవాణ్ణి. గేటు తీసే ఉంది, అయినా దూకాను. ఆ దూకుడు చూసే ఒప్పుకున్నానని ఆమె చాలాసార్లు చెప్పింది.

అందుకని వీడియో కాల్‌కు ఒక పద్ధతి పెట్టుకున్నాను. మంచం మీద కూర్చుని ఫోన్ గడ్డం ఎత్తులో పట్టుకోవాలి. వెనకాల నా రూమ్మేటు కొత్త దుప్పటి తెరలాగా వేలాడాలి. మూడు వారాలకొకసారి జుట్టుకు రంగు పడాలి. క్యాంపులో వయసు మీరినవాళ్ళకే కింది మంచం ఇస్తారు కదా, నేను పై మంచం మీద పడుకుంటానని, నిచ్చెన లేకుండానే ఎక్కుతానని కూడా చెప్పాను. ఎవరూ అడగకుండానే చెప్పాను. నాలుగేళ్ళు ఈ పద్ధతి చక్కగా నడిచింది.

ఇప్పుడు నాకు అరవై పడబోతున్నాయి. కంపెనీ కాగితం ఇచ్చింది. ఇంక రెండు నెలలు, తరువాత శాశ్వతంగా ఇంటికే. అట్లాంటి సమయంలో మా మండలంవాడొకడు సెలవు మీద ఇంటికి పోయి, మా వాకిట్లో కూర్చుని చాయ్ తాగి, నోరు ఊరికే ఉంచుకోలేకపోయాడు. మరుసటి శుక్రవారం మధ్యాహ్నం నా భార్య ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా, నువ్వు కుంటుతున్నవట గద."

"ఎవడన్నడు?"

"ఎవలో అన్నరు. కుంటుతున్నవా లేదా?"

"అది నేను గాదే. మా స్టోర్ల ఇంకొక ముసలాయన ఉన్నడు. జర నా లెక్కనే కనవడ్తడు."

"అయితే నిలవడి ఒక ఫొటో దిగి పంపు. నెత్తి నుంచి కాళ్ళ దాక. చెప్పుల్లేకుంట."

చివరి మాట దగ్గర కాళ్ళు రెండూ దుప్పటి కిందికి లాక్కున్నాను. మోకాలు బట్టల్లో దాగుతుంది, కాళ్ళు ఎక్కడ దాగుతాయి. నా కాళ్ళ సంగతి తరువాత వస్తుంది. ఫోన్‌లో చార్జింగ్ లేదని పెట్టేశాను. అప్పుడు చార్జింగ్ తొంభై ఉంది.

ఆ వారమే మా క్యాంపు ఇన్‌చార్జి మెస్సులోకి వచ్చి హిందీలో ఒక కబురు చెప్పాడు. ఆయన మలయాళీ. ఆయన హిందీ మాకు సగమే అర్థమవుతుంది, మా హిందీ ఆయనకు పావే. పైగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు. చరిత్ర మీద టీవీ ప్రోగ్రామ్ తీసేవాళ్ళు ఎవరో వచ్చారట, మా కంపెనీ పెద్దకు తెలిసినవాళ్ళట. దుఖాన్ వైపు ఎడారిలో ఒక శుక్రవారం పనికి ఇరవై మంది కావాలి. ఒక డ్యూటీ లెక్కన పైకం, మధ్యాహ్నం బిర్యానీ. వేషం ఏమిటంటే, ఒమన్ దేశపు పాతకాలం ఫౌజీలు.

మేము అట్లా విన్నాము. వినక ఏం చేస్తాము. రోమ్ అనే ఊరికి మా కంపెనీ ఎప్పుడూ ఎవరినీ పంపలేదు. ఒమన్‌కు ఏటా పంపుతుంది.

అందరూ నావైపు తిరిగారు. ఎందుకంటే మస్కట్‌లో రెండేళ్ళు పనిచేసి వచ్చానని, ఒమన్ నాకు అరచేతిలో ఉన్నట్టేనని నేను క్యాంపులో చేరిన రోజు నుంచీ చెబుతున్నాను. రెండేళ్ళు కాదు, నాలుగు గంటలు. విమానం మారడానికి మస్కట్ ఎయిర్‌పోర్టులో కూర్చున్నాను. అందులో ఒక గంట బాత్రూం వెతకడంలోనే పోయింది. అక్కడ ఒక పోలీసాయన నిలబడి ఉన్నాడు. బట్టలు అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టున్నాయి, గడ్డం స్కేలు పెట్టి గీసినట్టుంది, దగ్గరికి పోతే సెంటు వాసన. ఒమన్ గురించి నాకు తెలిసిందంతా ఆయనే.

ఆయన్నే తలచుకుని మెస్సులో ఉపన్యాసం ఇచ్చాను. ఒమన్ సిపాయి అద్దంలా ఉండాలన్నాను. ఒక్క తెల్ల వెంట్రుక కనపడ్డా సైన్యం నుంచి తీసేస్తారని కూడా అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. నా మాట మీద గౌరవంతో అనుకునేరు, అట్లా ఏమీ లేదు. మా క్యాంపులో ముందు నుంచీ ఒక ఆచారం ఉంది. ఊరికి పోయే ముందు ప్రతివాడూ జుట్టుకు రంగు వేసి, ముఖానికి క్రీము పూసి, సెంటు కొట్టి మరీ విమానం ఎక్కుతాడు. దాన్ని మేము ఊరిరంగు అంటాము. "వానికి ఊరిరంగు పడ్డది" అంటే టికెట్ వచ్చిందని అర్థం. టీవీలో పడితే ఊరంతా చూస్తుంది కాబట్టి, ఊరికి పోకపోయినా ఊరిరంగు పడాల్సిందేనని అందరూ అనుకున్నారు.

నా లోపలి లెక్క వేరే. ఒమన్ సిపాయి అంటే మడమల దాకా పొడుగు అంగీ, కాళ్ళకు బూట్లు ఉంటాయనుకున్నాను. ఆ వేషంలో నిలువెత్తు ఫొటో దిగి ఇంటికి పంపితే పీడ విరగడవుతుంది. చెప్పులు ఎందుకు విప్పలేదంటే, సైన్యంలో ఒప్పుకోరని చెప్పవచ్చు.

గురువారం సాయంత్రం ఇరవై మందిమీ ఏషియన్ టౌన్ బజారులో మంగలి దుకాణం మీద పడ్డాము. ఆ మంగలి బోధన్ నుంచి వచ్చిన మియాసాబ్. పదేళ్ళుగా నా తల ఆయన చేతిలోనే ఉంది. బయటిదాకా సాగిన వరసను చూసి కత్తెర కింద పెట్టాడు.

"క్యా చచ్చా, ఎవరి షాదీ?"

"షాదీ గాదు. ఫౌజ్‌ల చేరుతున్నం."

"ఈ ఉమర్‌ల నిన్ను ఎవడు తీసుకున్నడు? దుష్మన్ నవ్వి నవ్వి సావాల్నని ఏమన్న ప్లానా?"

మాటలు అట్లా విసురుతూనే రాత్రి పొద్దుపోయేలోపు ఇరవై గడ్డాలు గీసి, ఇరవై తలలు నల్లగా చేశాడు. సీసా ఒకటే కాబట్టి నలుపు కూడా ఒకటే. పైన నిగనిగలాడాలని నూనె పట్టించాడు. నా రూమ్మేటు మా పక్క మండలంవాడు, నన్ను కాకా అంటాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి. వాడు ముఖానికి మూడు రకాల క్రీములు పూయించుకుని బయటికి వచ్చి, "కాకా, గుర్తుపడ్తున్నవా?" అన్నాడు. గుర్తుపట్టాను కానీ, కష్టమైందని చెప్పి సంతోషపెట్టాను.

మరునాడు బస్సులో అత్తరు ఎంత ఘాటుగా ఉందంటే, జనవరి చలిలో డ్రైవరు కిటికీలన్నీ తీసి నడిపాడు.

ఎడారిలో గుట్ట పక్కన తెల్ల గుడారాలు వేసి ఉన్నాయి. సినిమా నడిపించే ఆమె దొరసాని, పెద్ద టోపీ పెట్టుకుంది, ముక్కు ఎర్రగా కాలి ఉంది. మేము బస్సు దిగి వరసగా నిలబడ్డాము. ఆమె ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది. మేము మారలేదు.

ఆమె దగ్గర పనిచేసే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. హైదరాబాద్ పిల్ల, అమ్మానాన్నలతో ఇక్కడే దోహాలో ఐన్ ఖాలిద్‌లో ఉంటుంది. మా గుసగుసలు విని తెలుగులోనే అడిగింది.

"అంకుల్, మీరంతా ఏదన్నా ఫంక్షన్ నుంచి డైరెక్ట్‌గా వచ్చిండ్రా?"

"లేదు బిడ్డా. మేము ఒమన్ సిపాయిలం."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చెయ్యి తీసి, "ఒమన్ కాదు అంకుల్, రోమన్. ముందల ర ఉన్నది" అంది.

ఒక్క ర పోయినందుకు ఇరవై గడ్డాలు పోయాయి. పందొమ్మిది మంది నావైపు చూశారు. ఆ చూపు ముందు శత్రుసైన్యం నయం. నేను దూరంగా గుట్టను పరిశీలించాను.

ఆ పిల్ల ఒక పెద్ద అట్ట మీద బొమ్మ తెచ్చి మాకు చూపించింది. రెండు వేల ఏళ్ళ కిందటి సిపాయిలట. యుద్ధానికి బయలుదేరేటప్పటి వాళ్ళు అక్కర్లేదు, ఎనిమిదేళ్ళు నడిచి నడిచి తిరిగి వచ్చేటప్పటివాళ్ళు కావాలంది. బొమ్మలో మనుషుల దవడలు లోపలికి పోయి ఉన్నాయి. గడ్డాలు అట్టలు కట్టాయి. పై దుప్పట్లకు వేరే వేరే రంగుల మాసికలు పడ్డాయి. డాలు పట్టీ తెగితే తాడుతో కట్టుకున్నారు. పిక్కలకు పాత గుడ్డలు చుట్టుకున్నారు, చెప్పుల అట్ట ఊడితే దానికీ గుడ్డే. ఒకడికి ముందు పన్ను లేదు. ఒకడు బల్లేన్ని చేతికర్రలాగా పట్టుకుని దాని మీద వాలి నిలబడ్డాడు.

నా రూమ్మేటు బొమ్మకు ముక్కు ఆనించి చూశాడు.

"ఇది మన క్యాంపే గద కాకా. శనివారం పొద్దుగాల డ్యూటీ బస్సు కాడికి వచ్చి సినిమా తీసుకుంటే అయిపోతుండె. తయారై చెడగొట్టుకున్నం."

ఆ పిల్ల ఆ మాటను దొరసానికి ఇంగ్లీషులో చెప్పినట్టుంది, ఆమె నవ్వలేదు. మేకప్ చేసే ఆయన్ని పిలిచింది. నిన్న క్రీములు పూసిన ముఖాలకు ఇవాళ మట్టి, మసి, నూనె కలిపి పూయడం మొదలైంది. నా రూమ్మేటు కళ్ళు మూసుకుని, బురద కింద పూడిపోతున్న తన మూడు క్రీముల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ కూర్చున్నాడు. ముఖాలు లొంగాయి కానీ తలలు లొంగలేదు. తెల్లపొడి ఎంత చల్లినా మియాసాబ్ నూనె మీద నిలవలేదు, జారి భుజాల మీద పడింది. మేము యుద్ధం నుంచి కాక పిండిమర నుంచి వచ్చినట్టున్నాము.

తరువాత తోలు పట్టీల చెప్పులు పంచారు. బూట్లు, సాక్సులు విప్పి అవి వేసుకోవాలి. నేను సాక్సుల మీదే వేసుకుంటానన్నాను. ఈ సిపాయిలకు సాక్సులు లేవంది ఆ పిల్ల. చలి అన్నాను. చలి వాళ్ళకూ ఉండేదంది. పొడుగు అంగీ కూడా లేదు, మోకాళ్ళ దాకానే. అప్పటికి పది మంది నాకోసం ఎదురు చూస్తున్నారు. విప్పాను.

ఇప్పుడు నా కాళ్ళ సంగతి చెబుతాను, ఇందులో ఏమీ పెంచను. పెంచాల్సిన అవసరమూ లేదు. మడమలు ఏప్రిల్‌లో రేగడి చేనులాగా పగిలి ఉంటాయి, ఒక్కో పగులులో రూపాయి బిళ్ళ అంచు దూరుతుంది. పరంజా క్లాంపు పడి కుడి బొటనవేలి గోరు నల్లగా, వంకరగా పెరిగింది. నా పాదం పది నంబరు. కంపెనీ బూటు మాత్రం ఏళ్ళ తరబడి తొమ్మిదే ఇచ్చింది. మార్చమని అడుగుదామనుకుంటూనే పదిహేనేళ్ళు తిరిగాను, అందుకే రెండో వేలు మొదటి వేలి మీదికెక్కి కూర్చుంది. దిగమంటే ఇప్పుడు దిగదు. మోకాలికి సాగే పట్టీ ఉంటుంది, తెల్లటిది, అది ఏనాడో తెల్లదనం మానేసింది.

దొరసాని ఇసుకలో మోకరిల్లి చూసింది. మేకప్ ఆయన్ని కేకేసింది. ఆయన వచ్చి నా మడమను వేలితో రుద్దాడు. వేలు చూసుకున్నాడు, ఏమీ అంటలేదు. కొంచెం అసూయగానే ఏదో అడిగాడు.

"ఇది ఎవరు చేసిండ్రు అని అడుగుతున్నడు అంకుల్" అంది ఆ పిల్ల.

"కంపెనీ చేసిందని చెప్పు బిడ్డా."

ఈయన్ని ఎవరూ ముట్టుకోవద్దని దొరసాని గట్టిగా చెప్పింది. నన్ను దళం ముందు పెట్టారు. నా వెనకాల పందొమ్మిది మంది పిండిమర సిపాయిలు. ఇరవై మూడేళ్ళలో నన్ను దేనికైనా ముందు నిలబెట్టడం అదే మొదలు. మెస్సు వరసలో తప్ప.

బస్సు దిగేటప్పుడు నడిచినట్టే నడవమన్నారు. సరే అని నడిచాను. వాళ్ళకు నచ్చలేదు. ఎందుకు కుంటడం లేదని అడిగింది ఆ పిల్ల. నాలుగేళ్ళుగా ఎవరైనా చూస్తున్నారంటే తిన్నగా నడవడం నాకు అలవాటైపోయింది. చూసేవాళ్ళుంటే కుంటు రాదు, ఎవరూ లేకపోతేనే వస్తుంది. సరే, కుంటుతానన్నాను. పూర్తిగా కుంటుతూ నడిచాను, బల్లెం నేలకు పొడిచి, పళ్ళు కొరికి, మధ్యలో గుండె కూడా పట్టుకున్నాను. అంత వద్దు అన్నారు. ఇంకోసారి, మరోసారి. ఎండ పైకి వచ్చింది. ఎనిమిదోసారో తొమ్మిదోసారో ఇసుకలో మోకాలు నిజంగానే పట్టేసింది. అప్పుడు నేను కెమెరాను మరిచిపోయాను, గుడారం నీడ ఎంత దూరముందో అదొక్కటే చూసుకుంటూ నడిచాను. దొరసాని చప్పట్లు కొట్టింది. నేను నీడలో కూలబడి చప్పట్లు ఎవరికని వెనక్కి చూశాను.

ఆ పిల్ల కాగితం కప్పులో కరక్ చాయ్ తెచ్చి నా పక్కన కూర్చుంది. అసలు ఆ సిపాయిలు ఎన్నాళ్ళు చేసేవాళ్ళని అడిగాను. ఇరవై ఏళ్ళు, ఇరవై ఐదేళ్ళు చేస్తే చాలామందికి పొలమో, పైకమో ఇచ్చి పంపేవాళ్ళట. నాకు పోటీ బాగానే ఉందనుకున్నాను.

"మరి ఇంటికి పోయేటప్పుడు నెత్తికి రంగేసుకునేటోళ్ళా బిడ్డా?"

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఆపేసింది. "నేను సదివిన దాంట్ల అది ఎక్కడా లేదు అంకుల్."

"పెండ్లాలు గుర్తుపట్టిండ్రా?"

"అది గూడ లేదు."

వాళ్ళు తిన్న రొట్టె నుంచి చెప్పుల మేకుల దాకా అన్నీ రాశారట. అసలు సంగతి మాత్రం వదిలేశారు.

నా రూమ్మేటు ఫోన్‌లో నావి రెండు ఫొటోలు తీశాడు. ఒకటి నడుము దాకా. వెండి చొక్కా, భుజాన ఎర్ర దుప్పటి, చేతిలో బల్లెం. చూస్తే నాకే దండం పెట్టాలనిపించింది. రెండోది నెత్తి నుంచి కాళ్ళ దాకా. అందులో మొదట కనపడేవి కాళ్ళే, తరువాత పట్టీ, అన్నిటికంటే చివర నేను. బస్సులో తిరిగి వస్తూ మొదటిది ఇంటికి పంపి, రోమన్ సైన్యానికి నన్ను పెద్దను చేశారని కింద వాయిస్‌లో మాట్లాడి పెట్టాను. జవాబు బస్సు దిగకముందే వచ్చింది.

"కాళ్ళేవి?"

కెమెరాలో పట్టలేదన్నాను. అంత పెద్ద సైన్యంలో ఒక పెద్ద కెమెరా లేదా అంది. ఆ తరువాత ఆమె నా ఫోన్ ఎత్తలేదు. ఒక శుక్రవారం పోయింది. ఇంకొకటి పోయింది. మా కోడలు ఎత్తి, అత్తమ్మ పనిలో ఉందని చెప్పేది. ఇరవై మూడేళ్ళలో శుక్రవారం మాట్లాడకుండా మేము ఎప్పుడూ లేము. నేను స్టోర్‌లో హెల్మెట్ అడిగినవాడికి గ్లౌజులు ఇవ్వడం మొదలుపెట్టాను.

అప్పుడే ఆ పిల్ల నా రూమ్మేటు ఫోన్‌కు సినిమా ముక్క ఒకటి పంపింది. గదిలో అందరం చుట్టూ మూగాము. నేను ముందే దువ్వుకుని కూర్చున్నాను. ఎడారి వచ్చింది, గాలి వచ్చింది. తెర నిండా రెండు పాదాలు వచ్చాయి. పగుళ్ళలో ఇసుక, ఒక అడుగు పడటం, రెండోది ఈడ్చుకుంటూ రావడం. తరువాత గుట్ట. అంతే.

"ముఖమేదిరా?" అన్నాను.

వాడు ఆ పిల్ల రాసింది చదివాడు. జుట్టు మరీ నల్లగా ఉన్నందుకు ముఖాలు వేటినీ వాడుకోలేకపోయారట. నా కాళ్ళు మాత్రం చాలా బాగా వచ్చాయట. నాలుగేళ్ళు దాచింది తెర మీదికెక్కింది, పైకం పెట్టి మెరుగు పెట్టింది చెత్తబుట్టలో పడింది. మా వాడు అప్పటికే దాన్ని ఊరి గ్రూపులో పెట్టబోతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఎవరి ఫోన్ నుంచో ఆమె ఈ కాళ్ళు చూడటం నాకు ఇష్టం లేకపోయింది. నా రెండో ఫొటో నేనే పంపాను. కింద ఏమీ మాట్లాడలేదు. ఏదైనా మాట్లాడితే మళ్ళీ పెంచుతానని తెలుసు.

ఆమె చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఎవలు మీరు?" అంది.

"నేనే."

"మా ఆయన ఫోన్ మీకెట్ల దొరికింది? జర ఆయనకియ్యుండ్రి. నల్ల జుట్టు ఉంటది. పై మంచానికి నిచ్చెన లేకుంట ఎక్కుతడు."

"ఏమే, నేనేనే."

"నొస్తదా?"

"నొయ్యది" అన్నాను. అవతల ఆమె గొంతు సవరించుకుంది. "చలికాలం నొస్తది" అన్నాను. మళ్ళీ సవరించుకుంది. "ఎండకాలం గూడ" అన్నాను.

"ఉండు, వీడియో పెడ్త" అంది.

వీడియోలో ఆమె ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని ఉంది. ఫోన్‌ను దేనికో ఆనించి పెట్టింది. కుర్చీ చేతుల మీద బలం వేసి, పెదవి బిగబట్టి లేచింది. గోడ పట్టుకుని తలుపు దాకా పోయింది, అక్కడ నిలబడి ఊపిరి తీసుకుంది, మళ్ళీ గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె నాతో నిలబడి మాట్లాడింది ఎప్పుడో నాకు గుర్తు రాలేదు. ఫోన్ గడ్డం ఎత్తులో పట్టుకునే పద్ధతి నేనే కనిపెట్టాననుకుని మురిసిపోయాను.

"ఎప్పటి సంది?" అన్నాను.

"నీకంటె ముందుగాల్నే."

"మరి చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

మా రూమ్మేటు మర్యాదగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెవి మాత్రం ఇటే ఉంది.

"నీది ఏ కాలు?" అని అడిగింది.

"కుడిది."

"నాది ఎడమది. సరిపాయె." నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆమె ముక్కు పక్కన ఒక గీత పడుతుంది, అది పడింది. "రంగు గింగు ఏసుకొని రాకు. మళ్ళ ఇంకెవడో అనుకుంట."

ఈ బుధవారం నా ఫ్లైటు. నిన్న ఏషియన్ టౌన్‌కు పోయి మియాసాబ్ కుర్చీలో కూర్చున్నాను. ఆయన అలవాటు కొద్దీ సీసా అందుకున్నాడు. వద్దన్నాను. ఊరికి పోతున్నావా, ఇంకెక్కడికైనా పోతున్నావా అని అనుమానంగా అడిగాడు. మా ఊరికే, ఉన్న తలతోనే పోతానన్నాను. ఆయన సీసా మూత పెట్టి, కత్తెర అందుకున్నాడు. తెల్ల వెంట్రుకలు ఒడిలో పడుతుంటే చూశాను, నేననుకున్నదానికంటే చాలా ఉన్నాయి. బూట్లు స్టోర్‌లో అప్పగించేశాను. విమానంలోకి చెప్పులతోనే పోతాను.

మొత్తం అట్లాగే పోతున్నానని రాద్దామనుకున్నాను. కానీ ఆమె ఇది చదివించుకుని వింటుంది, నన్ను చూడగానే దొరికిపోతాను. మీసానికి మాత్రం కొంచెం వేయించుకున్నాను. ఎంతైనా ఎనిమిదేళ్ళు సైన్యంలో ఉన్నవాణ్ణి.